నీళ్ళలో అయాన్లు, వెలిగే హైబ్రిడ్ పదార్థాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నీళ్ళలోని అయాన్లను వెలుగు మార్పుతో పట్టుకునే హైబ్రిడ్ పదార్థాల (సేంద్రియ అణువునూ సిలికా, లోహంలాంటివాటినీ కలిపి చేసినవి) మీద పనిచేయడానికి బెంగళూరు ల్యాబుల్లో ప్రాజెక్టుకో పీహెచ్‌డీకో చేరే మన తెలుగు పిల్లలు ప్రతి ఏడూ అవే సందేహాలతో ఫోన్లు చేస్తుంటారు. పండక్కి ఊరెళ్తే ఇంట్లోవాళ్ళు అడిగేవి వేరే. జవాబులన్నీ వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పోతున్నాయని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు. మీరు ఏ దశలో ఉన్నారో నేరుగా అక్కడికి వెళ్ళిపోండి.

## టాపిక్ తీసుకునే ముందు

అక్కా, సింపుల్‌గా చెప్పు, ఇది అసలు ఎలా పనిచేస్తుంది?

కొన్ని పదార్థాల మీద అతినీలలోహిత కాంతి పడితే అవి వేరే రంగులో వెలుగుతాయి. షాపువాళ్ళు నోటు అసలుదో కాదో చూసే చిన్న దీపం కింద నోటులోని పోగులు మెరవడం మీరు చూసే ఉంటారు. అలా వెలిగే పదార్థానికి ఫలానా అయాన్‌ను పట్టుకునే గుణం కూడా ఉందనుకోండి. అయాన్ వచ్చి అంటుకోగానే వెలుగు తగ్గుతుంది, లేదా పెరుగుతుంది, లేదా రంగు మారుతుంది. ఎంత మారిందో కొలిస్తే నీళ్ళలో ఆ అయాన్ ఎంతుందో తేలుతుంది.

ఒక ఉదాహరణ. రోడమిన్ బి అనే గులాబీరంగు డై నుంచి ఒక ఉత్పన్నం తయారుచేస్తారు. అందులో ఒక వలయం మూసుకుని ఉంటుంది కాబట్టి దానికి రంగూ ఉండదు, వెలుగూ ఉండదు. మెర్క్యురీయో అల్యూమినియమో తగిలితే వలయం తెరుచుకుంటుంది. తేటగా ఉన్న ద్రావణం కళ్ళముందే గులాబీరంగుకు తిరిగి, దీపం కింద నారింజరంగులో వెలుగుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు ఈ టాపిక్ వదిలిపెట్టరు.

మామూలు డై చాలదా? సిలికాలోనో ఎమ్‌ఓఎఫ్‌లోనో ఎందుకు ఇరికించాలి?

చాలా పనులకు డై ఒక్కటే చాలు. దానికున్న ఇబ్బందులు ఇవి: చాలా డైలు నీళ్ళలో సరిగ్గా కరగవు, కరిగినా ముద్దలుగా చేరి వెలుగు పోగొట్టుకుంటాయి, ఒకసారి నీళ్ళలో కలిపాక వెనక్కి తీసుకోలేం. అదే డైని ఒక ఘనపదార్థానికి కడితే వడపోసి మళ్ళీ వాడొచ్చు, కాగితం ముక్క మీద పూయొచ్చు. ఘనపదార్థంలోని రంధ్రాలు అయాన్లను తమ దగ్గరకు చేర్చుకుని మోతాదు పెంచినట్టు కూడా పనిచేస్తాయి.

1992లో వచ్చిన ఎమ్‌సీఎమ్-41, 1998లో వచ్చిన ఎస్‌బీఏ-15 సిలికాలు ఇందుకే ఇంకా వాడుకలో ఉన్నాయి. ఒక్క గ్రాములో వందల చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. లోహాన్నీ సేంద్రియ అణువునూ జాలీలా అల్లిన ఎమ్‌ఓఎఫ్‌లకు 2025లో కిటగావా, రాబ్సన్, యాగీలకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చాక అందరి చూపూ అటే ఉంది. నేను పెట్టే షరతు ఒక్కటే. మీ హోస్ట్, అంటే డైని మోసే ఘనపదార్థం, ఏ పని చేస్తోందో ఒక వాక్యంలో చెప్పలేకపోతే దాన్ని తీసేసి డైతోనే చేయండి.

ఏ అయాన్ తీసుకోమంటావు? ఐరన్ ఈజీ అంటున్నారు.

ఈజీయే, అదే గొడవ. ఫెర్రిక్ ఐరన్ అతినీలలోహిత కాంతిని తానే పీల్చుకుంటుంది, దాదాపు వెలిగే ప్రతిదాన్నీ ఆర్పేస్తుంది. కాబట్టి ఏ పదార్థం చేసినా "ఐరన్‌కు స్పందించింది" అని రాసుకోవచ్చు. పేపర్లు కుప్పలుతెప్పలుగా ఉన్నది అందుకే.

అసలు చిక్కు ఇంకోటుంది. పీహెచ్ 7 దగ్గర ఫెర్రిక్ అయాన్ నీళ్ళలో స్వేచ్ఛగా ఉండదు, హైడ్రాక్సైడ్‌గా మారి అడుగుకు దిగుతుంది. తటస్థమైన నీళ్ళలో వందల మైక్రోమోలార్ (లీటరుకు మోల్‌లో పదిలక్షో వంతు) ఫెర్రిక్‌ను కొలిచామని రాస్తే, కొలిచింది తుప్పు నలుసులనా అయాన్‌నా అని అడగాల్సి వస్తుంది. పైగా నీళ్ళలో ఐరన్ ఎక్కువుంటే బకెట్టూ బాత్రూమ్ టైల్సూ ఎర్రబడి ఎవరికైనా తెలిసిపోతుంది. దానికి నానోటెక్నాలజీ అక్కర్లేదు.

రంగూ రుచీ వాసనా లేకుండా హాని చేసేవి తీసుకోండి: సీసం, మెర్క్యురీ, కాడ్మియం, ఫ్లోరైడ్. ఎంచుకునేటప్పుడు రసాయనం మీకు సాయం చేయాలి. మెర్క్యురీకి సల్ఫర్ అంటే ఇష్టం, అల్యూమినియానికి ఆక్సిజన్ అంటే ఇష్టం. 1963లో పియర్సన్ అనే రసాయన శాస్త్రవేత్త చెప్పిన మెత్తని, గట్టి ఆమ్లక్షారాల లెక్క (మెత్తనిది మెత్తనిదాన్ని, గట్టిది గట్టిదాన్ని ఇష్టపడుతుందని) ఇప్పటికీ మొదటి వడపోతగా పనికొస్తుంది.

ఎంత తక్కువ మోతాదు పట్టుకుంటే చాలు?

తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500. అందులో పరిమితులు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంటాయి, పేపర్లలో మైక్రోమోలార్లు, నానోమోలార్లు (మైక్రోలో వెయ్యో వంతు) ఉంటాయి. ఈ మార్పిడి చేసుకోకుండా టాపిక్ ఖాయం చేయకండి.

సీసం పరిమితి లీటరుకు 0.01 మి.గ్రా., అంటే సుమారు 48 నానోమోలార్. మెర్క్యురీ 0.001 మి.గ్రా., అంటే 5 నానోమోలార్. ఫ్లోరైడ్ 1 మి.గ్రా. (వేరే దారి లేనప్పుడు 1.5), అంటే దాదాపు 53 మైక్రోమోలార్. అల్యూమినియం 0.03 మి.గ్రా., వేరే దారి లేనప్పుడు 0.2. ఈ లెక్క వేసుకుంటే ఫ్లోరైడ్‌కు నానోమోలార్ సున్నితత్వం వృథా అని, సీసానికి "2 మైక్రోమోలార్ దాకా పట్టుకున్నాం" అనడం తాగునీటికి పనికిరాదని వెంటనే తెలుస్తుంది.

మాది నల్గొండ. ఫ్లోరైడ్ మీదే చేయాలనుంది. వర్కవుట్ అవుతుందా?

అవుతుంది, కానీ ఇది పైకి కనిపించేంత సులువు కాదు. తెలుగునాట ఫ్లోరోసిస్ సంగతి 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వైద్య పత్రికలకెక్కింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు నల్గొండ పేరే పెట్టారు. బెంగళూరు పక్కనే ఉన్న కోలారు బోర్లలోనూ ఇదే బాధ. అంటే అవసరం ఉందా అన్న ప్రశ్నే లేదు.

రసాయనానికి వస్తే, ఫ్లోరైడ్ చిన్న అయాన్, నీటి అణువులను గట్టిగా చుట్టుకుని కూర్చుంటుంది. హైడ్రోజన్ బంధంతో దాన్ని లాగుదామనుకునే డైలు డీఎమ్‌ఎస్‌ఓలోనో ఎసిటోనైట్రైల్‌లోనో (ఇవి నీళ్ళు కాని సేంద్రియ ద్రావణులు) టెట్రాబ్యూటైల్ అమోనియం ఫ్లోరైడ్ కలిపితే అద్భుతంగా రంగు మారతాయి. నీళ్ళ చుక్క పడగానే అంతా పోతుంది. మీరు చదివే పేపర్‌లో ద్రావణి ఏమిటో ముందు చూడండి.

నీళ్ళలో నిలబడే దారులు ఎక్కువగా లోహాలతో ఉన్నవే: జిర్కోనియం, అల్యూమినియం, కొన్ని లాంథనైడ్లు (యూరోపియం, టెర్బియంలాంటి లోహాలు). జిర్కోనియానికి కట్టిన డైని ఫ్లోరైడ్ తోసేసి తాను కూర్చుంటుంది. పాతకాలపు జిర్కోనియం, అలిజరిన్ టెస్టు కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. జిర్కోనియం ఎమ్‌ఓఎఫ్‌లో వెలిగే అణువు పెడితే అది కాంతితో కొలిచే రూపం అవుతుంది. పోటీదారు ఫాస్ఫేట్, అదీ జిర్కోనియాన్ని వదలదు. ఇంకో విషయం: పటిక వాడి శుద్ధిచేసిన నీళ్ళలో మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టేసుకుంటుంది కాబట్టి మీ సెన్సర్‌కు ఫ్లోరైడ్ తక్కువగా కనిపిస్తుంది. అందుకే ఎలక్ట్రోడ్‌తో కొలిచేవాళ్ళు టైసాబ్ అనే ద్రావణం కలిపి, అల్యూమినియాన్ని విడగొట్టాకే రీడింగ్ తీస్తారు. మీ ప్రయోగంలో ఆ మెట్టు ఎక్కడుందో ఆలోచించుకోండి.

ఈ టాపిక్‌తో ఉద్యోగాలుంటాయా?

సెన్సర్ కంపెనీలు తక్కువే. స్పెక్ట్రోస్కోపీ, సింథసిస్, డేటాను అనుమానంగా చూసే అలవాటు వస్తాయి. ఫార్మా, ఎనలిటికల్ ల్యాబులు అడిగేవి అవే.

## తయారుచేసేటప్పుడు

కార్బన్ డాట్స్ రెండు రోజుల్లో అయిపోతాయంటగా?

కార్బన్ డాట్స్ అంటే కొన్ని నానోమీటర్ల సైజులో ఉండి వెలిగే కార్బన్ నలుసులు. తయారీ నిజంగా అంతే. సిట్రిక్ యాసిడ్, ఇథిలీన్‌డైఅమిన్ నీళ్ళలో కలిపి, టెఫ్లాన్ లోపలున్న స్టీలు ఆటోక్లేవ్‌లో 200 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే గోధుమరంగు ద్రవం వస్తుంది. 365 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న అతినీలలోహిత దీపం కింద పెడితే నీలంగా భగ్గుమంటుంది.

ఆ వెలుగు డాట్స్‌దేనా అన్నదే ప్రశ్న. ఈ రెండు పదార్థాలూ కలిసినప్పుడు పిరిడోన్ రకం చిన్న అణువులు కూడా పుడతాయి. అవి కూడా అదే నీలంలో, ఇంకా ఎక్కువగా వెలుగుతాయి. చిన్న అణువులను మాత్రమే బయటికి వదిలే డయాలిసిస్ సంచిలో పోసి, బయటి నీళ్ళను మారుస్తూ, ఆ బయటి నీళ్ళ మీద కూడా టార్చ్ వేసి చూడండి. బయటే ఎక్కువ వెలుగుతుంటే మీరు కొలుస్తున్నది డాట్స్‌ను కాదు. ఈ పని అయ్యేసరికి రెండు రోజులు వారమవుతుంది.

మునగాకు, కరివేపాకు, నిమ్మరసం... వంటింట్లో "గ్రీన్ సింథసిస్" చేయనిది ఏదీ మిగల్లేదు. ఆకు మారితే, ఊరు మారితే, ఎండాకాలం వానాకాలమైతే ఫలితం మారుతుంది. సిట్రిక్ యాసిడ్ డబ్బా ఎక్కడ కొన్నా సిట్రిక్ యాసిడే.

యూరోపియం ఉప్పును నీళ్ళలో కలిపాను. వెలగట్లేదు. ఉప్పు పాడైందా?

ఉప్పు బాగానే ఉంది. యూరోపియం, టెర్బియం తమంతట తాము కాంతిని పెద్దగా పీల్చుకోలేవు. పక్కన కాంతిని బాగా పీల్చే సేంద్రియ అణువు ఉండి, ఆ శక్తిని లోహానికి అందించాలి, చేతికందని చింతకాయను దోటితో అందుకున్నట్టు. దీన్నే యాంటెన్నా ఎఫెక్ట్ అంటారు. అప్పుడు యూరోపియం 615 నానోమీటర్ల దగ్గర ఎర్రగా, టెర్బియం 545 దగ్గర పచ్చగా వెలుగుతాయి.

రెండో అడ్డంకి నీళ్ళే. లోహానికి నేరుగా అతుక్కున్న నీటి అణువులు తమ కంపనాలతో శక్తిని లాగేసుకుంటాయి. లిగాండ్ (లోహానికి కట్టుకునే అణువు) చుట్టూ కమ్మేసి నీళ్ళను బయట పెట్టాలి. మొదటిసారి చేసేవాళ్ళు డైపికొలినిక్ యాసిడ్ తీసుకుని ఒక యూరోపియంకు మూడు చొప్పున కలపండి, నీళ్ళలోనే వెలుగుతుంది. 365 టార్చ్ వేసి ఏమీ లేదని టెన్షన్ పడకండి. ఆ అణువు 270, 280 ప్రాంతంలో పీలుస్తుంది కాబట్టి 254 దీపం కావాలి. ఆ దీపం కళ్ళకూ చర్మానికీ ప్రమాదం, గాగుల్స్ లేకుండా వెలిగించొద్దు.

డై సిలికాకు నిజంగా అతుక్కుందో, ఊరికే అంటుకుందో ఎలా తెలుసుకోవడం?

పొడిని నీళ్ళలో వేసి రాత్రంతా కలియతిప్పండి. సెంట్రిఫ్యూజ్ చేసి పైన తేరిన నీళ్ళ ఫ్లోరెసెన్స్ (కాంతి పడితే వచ్చే వెలుగు) చూడండి. అవి వెలిగితే డై కారిపోతోందన్నమాట. ఇదే పరీక్ష మీరు వాడబోయే పీహెచ్ దగ్గర, అయాన్ కలిపాక కూడా చేయాలి. అయాన్ కలిపితేనే డై ఊడి బయటికొచ్చే కేసులు ఉంటాయి. సైలేన్ (సిలికాకు కట్టుకునే సిలికాన్ అణువు) ద్వారా సమయోజనీయ బంధంతో కట్టినవి నిలబడతాయి, నానబెట్టి ఎండబెట్టినవి చాలామటుకు నిలబడవు.

ఎమ్‌ఓఎఫ్ నీళ్ళలో కరిగిపోతుందంటున్నారు?

రకాన్ని బట్టి. జింక్‌తో చేసే ఎమ్‌ఓఎఫ్-5 గాలిలోని తేమకే విరిగిపోతుంది. జిర్కోనియంతో చేసే యూఐఓ-66 నీళ్ళకు తట్టుకుంటుంది, ఫాస్ఫేట్‌కూ గాఢక్షారానికీ లొంగుతుంది. నీళ్ళలో ఉంచకముందు, ఉంచాక ఎక్స్-రే డిఫ్రాక్షన్ (స్ఫటికం అల్లిక చూపే పరీక్ష) తీసి పీకులు ఒకచోటే ఉన్నాయేమో చూడండి. అయాన్ కలిపాక కూడా తీయండి. "క్వెంచింగ్" (అయాన్ వెలుగును ఆర్పడం) అనుకున్నది ఒక్కోసారి ఎమ్‌ఓఎఫ్ కూలిపోవడమే.

## మెషీన్ ముందు

365 నానోమీటర్ల కాంతితో ఎక్సైట్ చేస్తే (వెలిగిస్తే) 417 దగ్గర చిన్న పీక్ వస్తోంది. ఇంప్యూరిటీయా?

అది నీళ్ళ రామన్ పీక్, అంటే పడిన కాంతిలో కొంత నీటి అణువుల కంపనాలకు శక్తి ఇచ్చి, రంగు మారి చెదరడం. వట్టి నీళ్ళు పెట్టి చూడండి, అక్కడే ఉంటుంది. ఎక్సైటేషన్‌ను 350కి మారిస్తే అది 397కు జరుగుతుంది. అసలు ఫ్లోరెసెన్స్ అయితే సాధారణంగా జరగదు (కార్బన్ డాట్స్ దీనికి మినహాయింపు). ఫ్లోరిమీటర్ ఎంత సున్నితమో చెప్పడానికి తయారీదారులు ఈ 397 పీక్‌నే కొలమానంగా వాడతారు. 1933 నుంచి సి.వి. రామన్ ఉన్న ఊళ్ళో కూర్చుని దాన్ని ఇంప్యూరిటీ అంటే బాగోదు.

ఇంకో దొంగ పీక్ ఎక్సైటేషన్‌కు సరిగ్గా రెట్టింపు దగ్గర వస్తుంది. 307 దగ్గర ఎక్సైట్ చేస్తే 614 దగ్గర సన్నగా నిలబడి, అచ్చం యూరోపియంలాగే కనిపిస్తుంది. ఎమిషన్ (బయటికొచ్చే వెలుగు) వైపు లాంగ్‌పాస్ ఫిల్టర్ (పొడవైన తరంగాలనే వదిలేది) పెడితే మాయమవుతుంది.

ఏ అయానూ కలపకుండానే వెలుగు తగ్గిపోతోంది!

పొడిని నీళ్ళలో చెదరగొట్టి కొలుస్తుంటే మొదటి అనుమానం అడుగుకు దిగడం మీదే. కాంతి క్యూవెట్ (ద్రావణం పోసి కొలిచే చిన్న పాత్ర) మధ్యలో పోతుంది, పొడి కింద చేరుతుంది. చిన్న మాగ్నెట్‌తో తిప్పుతూ కొలవండి, లేదా ప్రతి రీడింగ్‌కు ముందు ఒకే విధంగా ఊపండి. తర్వాతి అనుమానం డై కాంతికి వాడిపోవడం. షట్టర్ మూసి ఉంచి, రీడింగ్‌కు మాత్రమే తెరవండి. మూడోది డైల్యూషన్. అయాన్ ద్రావణం ఎంత కలిపారో అంతే వట్టి నీళ్ళు కలిపి పక్కన ఒక సెట్ నడపాలి. ఈ సెట్ లేని గ్రాఫ్‌ను నేను నమ్మను.

బఫర్ (పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణం) ఏది వాడాలి? మా దగ్గర పీబీఎస్ ఉంది.

పీబీఎస్ వద్దు. అందులోని ఫాస్ఫేట్ సీసాన్ని, ఐరన్‌ను, లాంథనైడ్లను అవక్షేపంగా పడేస్తుంది. హెపీస్ అనే బఫర్ చాలావరకు సురక్షితం. ట్రిస్ అనేది రాగిని పట్టుకుంటుంది.

క్వెంచింగ్ బ్రహ్మాండంగా వచ్చింది. మెకానిజం ఏమని రాయాలి?

ముందు "ఇన్నర్ ఫిల్టర్" కాదని తేల్చుకోండి. అయాన్‌కు మీ పదార్థంతో ఏ సంబంధమూ లేకుండా, ఎక్సైటేషన్ కాంతిని తానే తాగేసినా వెలుగు తగ్గుతుంది. అయాన్ ద్రావణానికి యూవీ స్పెక్ట్రమ్ తీసి, మీ ఎక్సైటేషన్, ఎమిషన్ తరంగదైర్ఘ్యాల దగ్గర ఎంత పీలుస్తోందో చూడండి. మొత్తం అబ్జార్బెన్స్ (ద్రావణం కాంతిని ఎంత పీలుస్తుందో చెప్పే అంకె) 0.1 లోపు ఉంచుకుంటే ఈ బాధ తక్కువ.

హెక్సావేలెంట్ క్రోమియం దీనికి మంచి ఉదాహరణ. పీణ్య పారిశ్రామికవాడ భూగర్భజలంలో ఇది సమస్య కాబట్టి బెంగళూరులో చాలామంది దీన్ని ఎంచుకుంటారు. క్రోమేట్ 370 నానోమీటర్ల దగ్గర బలంగా పీలుస్తుంది. 365 ఎక్సైటేషన్‌తో ఏ నీలి డాట్ పెట్టినా ఆరిపోతుంది, గ్రాఫ్ అందంగా వస్తుంది. ఇప్పుడు పరిమితి దగ్గర లెక్క వేయండి. లీటరుకు 0.05 మి.గ్రా. క్రోమియం అంటే దాదాపు 1 మైక్రోమోలార్. ఆ మోతాదు ఒక సెంటీమీటరు క్యూవెట్‌లో పీల్చేది సుమారు 0.005 అబ్జార్బెన్స్, అంటే కాంతిలో ఒక శాతం. మెషీన్ రీడింగే అంత ఊగుతుంది. కేవలం ఇన్నర్ ఫిల్టర్ మీద నడిచే సెన్సర్ తాగునీటి పరిమితిని చూడలేదు, దానికి ఎంత మంచి పేరు పెట్టినా.

ఇన్నర్ ఫిల్టర్ కాదని తేలాక లైఫ్‌టైమ్ (ఎక్సైట్ చేశాక వెలుగు ఎంతసేపు నిలుస్తుందో) కొలవండి. అయాన్ పెరిగేకొద్దీ లైఫ్‌టైమ్ తగ్గితే ఢీకొట్టి ఆర్పే రకం, డైనమిక్. మారకపోతే ముందే జతకట్టే రకం, స్టాటిక్. స్టెర్న్-వోల్మర్ గ్రాఫ్ (అయాన్ మోతాదు పెరిగేకొద్దీ వెలుగు ఎంత తగ్గిందో గీసేది) సరళరేఖ వచ్చిందని మెకానిజం తేలిపోదు, రెండింటికీ సరళరేఖే వస్తుంది.

టర్న్-ఆఫ్ మంచిదా, టర్న్-ఆన్ మంచిదా?

టర్న్-ఆన్, అంటే అయాన్ తగిలితే వెలిగేది. చీకట్లోంచి వెలుగు రావడానికి కారణాలు తక్కువ, వెలుగు ఆరిపోవడానికి కారణాలు వంద. రెండు రంగుల నిష్పత్తి చూసేది ఇంకా మంచిది. ఉదాహరణకు నీలి డాట్ కదలకుండా ఉండి, యూరోపియం ఎరుపు మాత్రమే మారడం. అప్పుడు దీపం కాస్త డల్ అయినా, పొడి కాస్త తక్కువ పడినా నిష్పత్తి పెద్దగా చెక్కుచెదరదు.

ఎల్‌ఓడీ (పట్టుకోగల అతి తక్కువ మోతాదు) ఎలా లెక్కకట్టాలి?

బ్లాంక్‌ను (అయాన్ కలపని ద్రావణాన్ని) కనీసం 10 సార్లు కొలిచి ప్రామాణిక విచలనం తీసి, దాన్ని 3తో హెచ్చవేసి, గ్రాఫ్ స్లోప్‌తో భాగించాలి. అది కాగితం మీది లెక్క. మీరు కొలిచిన అతి తక్కువ మోతాదు 5 మైక్రోమోలార్ అయి, ఎల్‌ఓడీ 20 నానోమోలార్ వచ్చిందంటే నిజంగా 20 నానోమోలార్ ద్రావణం చేసి, బ్లాంక్ కంటే తేడాగా కనిపిస్తుందో లేదో చూపించండి. పది బ్లాంకులూ ఒకే క్యూవెట్‌లో వరసగా నొక్కినవి కాకూడదు, విడివిడిగా తయారుచేసినవి కావాలి. నానోమోలార్ సీసం గాజుకు అంటుకుని మాయమవుతుంది. స్టాకును పలుచని నైట్రిక్ యాసిడ్‌లో, ప్లాస్టిక్ ఫ్లాస్కులో ఉంచి, పలుచన చేసినది ఆరోజే వాడాలి.

## నిజమైన నీళ్ళకు వచ్చాక

డిస్టిల్డ్ వాటర్‌లో అద్భుతంగా వచ్చింది. బోరు నీళ్ళలో ఏమీ రావట్లేదు. ఎందుకు?

బోరు నీళ్ళలో మీ అయాన్ ఒంటరిగా ఉండదు. లీటరుకు 100 మి.గ్రా. కాల్షియం ఉన్న నీళ్ళు మన దగ్గర మామూలే. అది 2.5 మిల్లీమోలార్. సీసం పరిమితి 48 నానోమోలార్. అంటే ఒక సీసం అయాన్ చుట్టూ యాభై వేలకు పైగా కాల్షియం అయాన్లు. పేపర్లలోని సెలెక్టివిటీ (కావాల్సిన అయాన్‌కే స్పందించే గుణం) బార్‌గ్రాఫులో అన్ని అయాన్లనూ సమానంగా, లేదా పది రెట్లు తీసుకుని "పోటీ లేదు" అని రాస్తారు. ఆ బార్లు బోరు నీళ్ళ గురించి ఏమీ చెప్పవు. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, బైకార్బొనేట్‌లను బోరులో ఉండే మోతాదులోనే పెట్టి పరీక్షించాలి.

బైకార్బొనేట్‌ను చాలామంది మర్చిపోతారు. అది పీహెచ్‌ను 8 వైపు లాగుతుంది, సీసాన్ని కార్బొనేట్‌గా కట్టేస్తుంది, లాంథనైడ్ పక్కన తాను చేరుతుంది. శాంపిల్‌కు కొంచెం ఆమ్లం కలిపి, మళ్ళీ బఫర్‌తో మీకు కావాల్సిన పీహెచ్‌కు తెచ్చాక కొలిచి చూడండి. అప్పటికీ స్లోప్ వేరుగా వస్తే స్టాండర్డ్ ఎడిషన్ పద్ధతి పట్టండి. అంటే అదే బోరు నీళ్ళలో తెలిసిన మోతాదులు కలుపుతూ గ్రాఫ్ గీసి వెనక్కి లెక్క కట్టడం. శ్రమే, కానీ ఆ నీళ్ళలోని అడ్డంకులన్నీ గ్రాఫ్‌లోనే కలిసిపోతాయి.

కుళాయి నీళ్ళలో స్పైక్ చేసి (తెలిసిన మోతాదు కలిపి) 98 శాతం రికవరీ (తిరిగి కొలిచినది) చూపిస్తే "రియల్ శాంపిల్" అయినట్టేనా?

రివ్యూయర్ ఒప్పుకోవచ్చు, నేను ఒప్పుకోను. పరిమితికి రెండొందల రెట్లు కలిపి దాన్ని తిరిగి కొలవడం పెద్ద పరీక్ష కాదు. పరిమితికి సగం, సమానం, రెట్టింపు మోతాదుల్లో స్పైక్ చేయండి. అవే సీసాల్లో కొంత ఐసీపీ-ఎమ్‌ఎస్‌కు (లోహాలను అతి తక్కువ మోతాదుల్లో కొలిచే యంత్రం), ఫ్లోరైడ్ అయితే ఎలక్ట్రోడ్‌కు ఇచ్చి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టండి. బెంగళూరులో శాంపిల్ వెరైటీకి కొదవ లేదు. కావేరి కుళాయి, అపార్ట్‌మెంట్ బోరు, ట్యాంకర్ మూడూ తీసుకోండి. ట్యాంకర్ నీళ్ళు ఇవాళ ఒక బోరువి, రేపు ఇంకో బోరువి కాబట్టి తేదీ తప్పకుండా రాసిపెట్టుకోండి.

బెళ్ళందూరు చెరువు నీళ్ళు తెస్తే సెన్సర్ లేకుండానే నీలంగా వెలుగుతున్నాయి!

వెలుగుతాయి. కుళ్ళిన ఆకుల నుంచి వచ్చే హ్యూమిక్ పదార్థాలు, బట్టల సబ్బుల్లో తెల్లదనం కోసం కలిపే ఆప్టికల్ బ్రైటెనర్లు 365 కాంతికి నీలంగానే మెరుస్తాయి. మురుగు ఎక్కడ కలుస్తోందో కనిపెట్టడానికి ఈ బ్రైటెనర్ల వెలుగునే ఆనవాలుగా వాడతారు. నీలి కార్బన్ డాట్స్ అక్కడ పనికిరావు.

యూరోపియం, టెర్బియం ఇక్కడ అక్కరకొస్తాయి. చెరువు నీళ్ళ నేపథ్యపు వెలుగు నానోసెకన్లలో చచ్చిపోతుంది. లాంథనైడ్ వెలుగు వందల మైక్రోసెకన్ల నుంచి మిల్లీసెకన్ దాకా నిలుస్తుంది. ఫ్లాష్ వెలిగించి, 100 మైక్రోసెకన్లు ఆగి, ఆ తర్వాత కొలిస్తే మిగిలేది మీ సెన్సర్ వెలుగే. నీళ్ళను ముందు 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టండి. వడకట్టిన నీళ్ళలో కొలిచింది కరిగిన అయాన్ మాత్రమే, బురదకు అంటుకున్నది అందులో రాదు.

ఫోన్ కెమెరాతో కొలిచే యాప్ చేద్దామా?

చేయొచ్చు. కెమెరా తనంతట తాను ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మార్చేస్తుంది. మసక ఫోటోను వెలిగించి, వెలుగు ఫోటోను తగ్గించి, మీ గ్రాఫ్‌ను చదునుచేస్తుంది. రెండూ లాక్ చేయండి. నల్ల అట్టపెట్టె, కదలని దీపం, ప్రతి ఫోటోలో పక్కనే ఒక తెలిసిన రంగు ముక్క ఉంచండి. ఫోన్ మారితే గ్రాఫ్ మళ్ళీ గీయాలి.

మెర్క్యురీ టెస్టులు అయ్యాక ద్రావణాలు సింక్‌లో పోసేయొచ్చా? కొంచెమేగా.

పోయకూడదు. నీళ్ళలో మెర్క్యురీ వెతికే ల్యాబే దాన్ని నీళ్ళలో కలపడమేమిటి? మెర్క్యురీ, సీసం, కాడ్మియం దేనికి దానికి లేబుల్ ఉన్న డబ్బా పెట్టి, నిండాక ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్ళేవాళ్ళకు ఇవ్వాలి. క్యూవెట్ మొదటి కడుగు నీళ్ళు కూడా అందులోకే.

## ఇంటి దగ్గర అడిగేవి

టీడీఎస్ పెన్‌లో 80 చూపిస్తోంది. ఇంకా టెస్టులెందుకమ్మా?

పెన్ కొలిచేది నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో. కరిగిన లవణాలన్నీ కలిపి ఒక అంకె ఇస్తుంది, ఏ లవణమో చెప్పదు. సీసం పరిమితికి రెట్టింపు ఉన్నా అది లీటరుకు 0.02 మి.గ్రా., పెన్‌లో ఒక్క అంకె కూడా కదలదు. ఆర్‌ఓ మెషీన్ సరిగ్గా పనిచేస్తుంటే ఫ్లోరైడ్, సీసం చాలావరకు తగ్గుతాయి. మెంబ్రేన్ ఎప్పుడు మార్చారో గుర్తుందా అన్నది అసలు ప్రశ్న.

ఆ నీలి టార్చ్ కొనుక్కుని ఇంట్లోనే చూసుకోవచ్చా?

తాగే నీళ్ళు మంచివో కావో దాంతో తెలియదు. కానీ పిల్లలకు ఒక ప్రయోగం చూపించొచ్చు. రెండు గాజు గ్లాసుల్లో టానిక్ వాటర్ పోసి, గది చీకటి చేసి టార్చ్ వేస్తే రెండూ నీలంగా వెలుగుతాయి. అందులోని క్వినైన్ వెలుగది, 1852లో స్టోక్స్ ఫ్లోరెసెన్స్ గురించి రాసినప్పుడు పరిశీలించిన పదార్థాల్లో ఇదీ ఒకటి. ఒక గ్లాసులో రెండు చెంచాల ఉప్పు వేసి, నురగ తగ్గేదాకా కలపండి. పక్క గ్లాసుతో పోలిస్తే వెలుగు స్పష్టంగా పడిపోతుంది. ఉప్పులోని క్లోరైడ్ అయాన్ దాన్ని ఆర్పేస్తుంది. టార్చ్ కొనేటప్పుడు 365 అని ఉన్నది చూసుకోండి, చవకవి చాలావరకు 395వి. కళ్ళలోకి కొట్టొద్దు.

మా ఊరి బోరు నీళ్ళు ఒక సీసా తెస్తాను, చూసిపెడతావా?

తీసుకురండి, కానీ ఊరగాయ జాడీలోనో కూల్‌డ్రింక్ బాటిల్‌లోనో కాదు. మూత గట్టిగా పట్టే కొత్త ప్లాస్టిక్ సీసా తీసుకోండి. బోరు ఐదు పది నిమిషాలు నడిచాక, అవే నీళ్ళతో సీసా మూడుసార్లు తొలిచి, మెడ దాకా నింపండి. ఊరు, తేదీ, బోరు లోతు తెలిస్తే అదీ సీసా మీద రాయండి. ఫ్లోరైడ్ కోసమైతే ఇంతే చాలు. గాజు సీసా వద్దు. లోహాల కోసమైతే ఇంకో సీసా కావాలి. అందులో నైట్రిక్ యాసిడ్ కలిపి పీహెచ్ 2 లోపుకు తేవాలి, అది ల్యాబువాళ్ళు చేయాల్సిన పని, ఇంట్లో ఎవరూ చేయొద్దు.

నా దగ్గర వచ్చే అంకె పరిశోధన కోసం. ఆ నీళ్ళు తాగాలా వద్దా అని తేల్చుకోవడానికి మీ జిల్లా నీటి పరీక్షా కేంద్రంలోనో ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబులోనో ఇవ్వండి. జల్ జీవన్ మిషన్ కింద ఉన్న ల్యాబులు మామూలు జనం తెచ్చే శాంపిళ్ళు కూడా తీసుకుంటాయి. చాలా ఊళ్ళలో ఫీల్డ్ కిట్‌తో పరీక్షించడానికి ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చారు, పంచాయతీలో అడిగితే ఎవరో చెబుతారు. ఈలోపు "కాచి తాగుతున్నాంగా" అని ధీమాగా ఉండొద్దని అమ్మావాళ్ళకు చెప్పండి. కాచితే క్రిములు పోతాయి, ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరినకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది.